డబ్బాలో అప్ప గొంతు

మా మావకి పేకాట పిచ్చి. ఎదుట మనిషి లేకుండా, పందెం లేకుండా, కంప్యూటర్ తెర మీద ఎర్ర ముక్క కింద నల్ల ముక్క పేర్చుకుంటూ ఒక్కడే ఆడతాడు. నౌపడలో ఉప్పు మడులవాళ్ళంతా కలిసి పెట్టుకున్న ఒంటిగది ఆఫీసుకి ఆయనే కాపలా, ఆయనే గుమాస్తా. లారీ వస్తే బస్తాలు రాసుకుంటాడు, మిగతా పొద్దంతా ముక్కలు పేరుస్తాడు. అయితే ఆయన అసలు పని వేరు. వాన వచ్చేలా ఉంటే ఆఫీసు బయట వేలాడే రైలు పట్టా ముక్కని సుత్తితో కొట్టాలి. మాది రైలు జంక్షన్ ఊరు, గంటకి వేరే ఇత్తడి కొనక్కర్లేదు. ఆ మోత వింటే మడుల్లో ఉన్నవాళ్ళు పరుగున వచ్చి ఎవరి ఉప్పు కుప్పని వాళ్ళు టార్పాలిన్లతో, తాటాకులతో కప్పుకుంటారు.

పోయిన వేసవిలో ఆ గంట మోగింది. ఎప్పుడంటే, వాన మొదలయ్యాక.

ఆ మడుల్లో కొన్ని మా అమ్మవి. నాన్న పోయాక ఆవిడే చేస్తోంది. ఎండలో నీళ్ళు ఆరబెట్టి, ఉప్పుని గట్టు మీదికి లాగి, నెలల తరబడి పెంచిన కుప్ప ఒక్క మధ్యాహ్నంలో సగమైపోయింది. నేను సెలవు పెట్టుకుని పరుగెత్తేసరికి అమ్మ గట్టు మీద కూర్చుని ఉంది, ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. మావ తల దించుకుని పక్కన నిలబడ్డాడు. అమ్మకి ఆయన సొంత తమ్ముడు. మా వైపు అక్కని అప్ప అంటారు, మావకి ఈ లోకంలో ఎవరన్నా భయముందంటే అది ఈ అప్పంటేనే.

"అప్పా, మబ్బు కొండెనకాల నుండొచ్చీసింది. నాకు అగుపడనేదు," అన్నాడు.

"అగుపడతాదేటి? నీ కళ్ళు ఆ ముక్కల్లో ఉన్నాయి గదా," అంది అమ్మ. ఆ తర్వాత నా వైపు తిరిగి, మామూలుగా చెప్పింది: "ఇంకోపాలి ఇలాగైతే నా వల్ల కాదే. రొయ్యల చెరువులోళ్ళు అడగతన్నారు. ఇచ్చీసి ఊరుకుంటాను."

ఆ మాట నా గుండెల్లో దిగబడింది. మా అమ్మ ఉప్పు పక్కన తప్ప ఎక్కడా బతకలేదు. మడులిచ్చేస్తే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తుంది ఆ మనిషి?

నేను విజయనగరంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పని చేస్తాను. పొద్దస్తమానం నెట్టు ముందే కూర్చుంటాను కాబట్టి ఒరిస్సా కొండల మీద మబ్బు లేచిందంటే రాడార్ బొమ్మలో నాకు ముందే తెలుస్తుంది. తెలిసి ఏం లాభం, చెప్పడానికి ఊళ్ళో ఒక్క ఫోనూ పలకదు. మడుల్లోవాళ్ళు ఉప్పునీళ్ళకి భయపడి ఫోన్లు మూటగట్టి ఎక్కడో గట్టు మీద పెడతారు. మావైతే ఇంట్లో చార్జింగు పెట్టి వచ్చేస్తాడు, మళ్ళీ దాన్ని ముట్టేది రాత్రికే. ఆయన కళ్ళెదుట ఎప్పుడూ వెలిగేది ఒక్కటే, పేకలున్న ఆ తెర. మావా, నువ్వు దాన్ని వదలవు, అయితే నేనే దాని మీదికి వస్తాను, అనుకున్నాను కోపంగా. నిజంగా కోపంగానే అనుకున్నాను. నా జీవితంలో పనికొచ్చిన ఆలోచనలన్నీ కోపంలో పుట్టినవే.

ఆ ఆఫీసు కంప్యూటర్ వైరస్‌లతో మూలుగుతుంటే అంతకుముందే నేను తుడిచేసి లినక్స్ ఎక్కించాను. దూరం నుంచి దాన్లోకి వెళ్ళే దారి నా దగ్గరుంది. నా కంప్యూటర్లో ఆదేశాలు రాసే నల్ల తెర మీద ఒక వరుస టైపు చేసి ఎంటర్ కొడితే, అవతలి తెర మధ్యలో ఒక డబ్బా లేస్తుంది. అందులో మనం రాసిన మాట ఉంటుంది, కింద బటన్ ఉంటుంది. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి మొదటిసారి నాకు పనిచేయలేదు. డబ్బా తెరవలేనని ఇంగ్లీషులో నా మొహం మీదే చెప్పింది. ల్యాబ్‌లో పిల్లలు వెళ్ళిపోయాక కూర్చుని తల బద్దలు కొట్టుకుంటే తెలిసింది, ఏ తెర మీద చూపించాలో నేను చెప్పనే లేదు. ఇంట్లోకి దూరాను గానీ ఏ గదిలో మనిషున్నాడో చూడకుండా గోడకి మాట్లాడుతున్నానన్నమాట. ఆ ఒక్క ముక్క వరుస ముందు చేర్చి కొట్టాను. ఈసారి తిట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం పరీక్షకని ఒక డబ్బా పంపాను. "వర్ష సూచన. దయచేసి తగు జాగ్రత్తలు తీసుకోగలరు." కింద ఓకే. రెప్పపాటులో ఓకే నొక్కినట్టు నాకు జవాబొచ్చింది. అబ్బ, ఎంత పొంగిపోయానో!

ఆదివారం ఊరెళ్ళి అడిగాను. "మావా, మొన్న డబ్బా చూశావా?"

"ఏ డబ్బా?"

"తెర మీద లేచింది కదా, వాన గురించి."

"ఓలమ్మ, అయి రోజూ లెగుస్తుంటాయి గదే. ఓకే కొడితే పోతాయి," అన్నాడు తాపీగా, ఎర్ర రాణి మీద నల్ల గులాము పెడుతూ.

ఒళ్ళు మండిపోయింది. అది మార్చుకో, ఇది కొత్తది వచ్చింది, సరేనా, సరేనా అని కంప్యూటర్ ఆయన్ని ఇన్నాళ్ళూ విసిగించి, ఆ వేలికి ఒకటే నేర్పింది. డబ్బా లేస్తే చదవకు, నొక్కెయ్. రంగు మార్చి పంపాను, నొక్కేశాడు. అక్షరాలు పెద్దవి చేసి పంపాను, నొక్కేశాడు. పైగా ఫోనులో "నా ఆటకడ్డం పడతన్నాయే ఆ డబ్బాలు, తీసీగలవేటి?" అని నన్నే అడిగాడు.

సరిగ్గా అప్పుడే, ఇంకో ఆదివారం, నేను ఆఫీసులో ఉండగా అమ్మ అన్నం క్యారేజీ తెచ్చింది. గుమ్మం అవతలి నుంచే, "ఒరే, ఇంకా ఆటేనా నీకు?" అంది. అంతే. మావ చేతిలో మౌస్ ఎగిరిపడింది. పేకలు మాయం. లేచి నిలబడిపోయాడు, నెత్తి మీద జుట్టు తెల్లబడ్డ మనిషి, బడిలో మాస్టారొచ్చినట్టు. నేను పగలబడి నవ్వాను. నవ్వు మధ్యలోనే నాకు విషయం అర్థమైంది. "దయచేసి" అంటే ఈయన లేవడు. ఈయన్ని దయచేసి అని పిలిచినవాళ్ళు పుట్టలేదు.

సాయంత్రం అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. "అమ్మా, మబ్బు వస్తోంది, తమ్ముడు పేకాడుతున్నాడు. ఏమంటావో అను. నేను రాసుకుంటాను."

"రాయడానికి పనికొచ్చేవి అననే నేను."

"అవే కావాలి."

అమ్మ మొదట సిగ్గుపడింది. తర్వాత కరిగిపోయిన కుప్ప గుర్తొచ్చిందేమో, ఆపితే ఆగలేదు. నేను టైపు చేయలేక చేతులెత్తేశాను. అందులో కొన్ని తీసేసి, చదవదగ్గవి ఉంచాను: "ఒరే! ముక్కలొగ్గీ! నా ఉప్పు తడిసిపోతాది. లెగు, ఎల్లి గంట కొట్టు." కింద ఓకే తీసిపారేశాను. దాని బదులు రెండు బటన్లు పెట్టాను. ఒకటి "కొట్టీసేనప్పా", ఇంకోటి "ఇంకా నేదు". రెండోది నొక్కినా, డబ్బా మూసేసినా, మళ్ళీ లేస్తుంది. మొదటిది నొక్కేదాకా లేస్తూనే ఉంటుంది. ఈ తతంగమంతటికీ ఒకే పేరు పెట్టుకున్నాను, "వాన". ఆ పేరు కొడితే చాలు. దాన్ని పరీక్షించలేదు. ఒకసారి ఉత్తుత్తికి తిడితే రెండోసారి ఎవరూ నమ్మరు.

మళ్ళీ వేసవి వచ్చి ఎండలు ముదిరాయి. అమ్మ కుప్ప ఈ ఏడు అంతకుముందెన్నడూ లేనంత ఎత్తు లేచింది.

ఆ రోజు ల్యాబ్‌లో ప్రాక్టికల్ పరీక్షలు. బయటి కాలేజీ నుంచి వచ్చిన మాస్టారు నా పక్క కుర్చీలోనే కూర్చున్నారు. భోజనానికి లేవబోతూ అలవాటుగా రాడార్ బొమ్మ చూశాను. కొండల మీద ఎర్రటి ముద్ద, సూటిగా మా సముద్రం వైపు వస్తోంది. నల్ల తెర తెరిచి "వాన" కొట్టాను.

జవాబు లేదు. కర్సర్ కొట్టుకుంటోంది, నా గుండె దానికన్నా గట్టిగా కొట్టుకుంటోంది. మావ లారీ దగ్గరికి వెళ్ళాడేమో. కరెంటు పోయిందేమో. అప్పుడొక వరుస పడింది. ఇంకా నేదు. "మావా, నీ పేకలు తగలెయ్యా!" అని పైకే అనేశాను. పిల్లలు తలలెత్తారు. "ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు. ఉప్పండీ, అన్నాను. ఆయనకేం అర్థమైందో దేవుడికెరుక, మంచినీళ్ళ సీసా నా వైపు జరిపారు.

చాలాసేపటికి ఇంకో వరుస పడింది. కొట్టీసేనప్పా.

నిజంగా కొట్టాడా? డబ్బా పోవాలని నొక్కాడా? అమ్మకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పరీక్ష ఎలా నడిపానో నాకు తెలియదు. బొమ్మలో ఎర్ర ముద్ద మా ఊరి మీదికి వచ్చి కూర్చుంది.

పిల్లలు వెళ్ళాక ఫోన్ మోగింది. అమ్మే. ముందు మాట లేదు, హోరు మాత్రం ఉంది.

"ఏటే, ఇనబడతందా?" అని అరిచింది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"వానే! టార్పాలిన్ మీద పడతంది. నాను దాని కిందే ఉన్నాను, ఉప్పుకి ఆనుకొని. ఒక్క సుక్క దిగనేదే! ఒక్కరిది కూడా తడవనేదు!"

నేను కుర్చీలోంచి లేచి గెంతాను. మాస్టారు జవాబు పత్రాలు సర్దుకుంటూ కళ్ళద్దాల పైనుంచి చూశారు. చూడనీ. గెలిచాను, మా అమ్మ గెలిచింది, ఆ కొండ వెనకాల మబ్బు ఓడిపోయింది. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

ఆదివారం వెళ్ళి మావని నిలదీశాను. "మొదట 'ఇంకా నేదు' ఎందుకు నొక్కావు? నా ప్రాణం పోయింది ఇక్కడ."

"మరి అప్పుడికింకా లెగనేదు గదే," అన్నాడు, అదేదో అడగాల్సిన ప్రశ్నా అన్నట్టు. "అప్పతోటి అబద్దం ఆడతానేటి? నేదని నొక్కీసి, ఉరికెల్లి కొట్టి, అందరూ వచ్చీదాకా కొట్టి, అప్పుడొచ్చి కొట్టీసేనని నొక్కేను." చెప్పులేసుకోకుండా పరుగెత్తాడట. వెళ్తూ వెళ్తూ తెరతో "వస్తన్నానప్పా" అని కూడా అన్నాడని బయట బస్తాలెత్తేవాళ్ళు చెప్పి నవ్వారు. మావ కూడా నవ్వాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నాకూ నేర్పే, ఆ డబ్బా పంపడం," అన్నాడు. నా ల్యాబ్ తెర దాకా దారి పెట్టి నేర్పాను. ఆయనకి పేకలు తప్ప ఏదీ ఎక్కదని నా గట్టి నమ్మకం.

పది రోజులకేమో, మధ్యాహ్నం, ల్యాబ్ నిండా పిల్లలున్నారు. పెద్ద తెర మీద పాఠం చూపిస్తున్నాను. దాని మధ్యలో డబ్బా లేచింది.

"ఏటే, రొయ్యలోళ్ళొస్తే మడులియ్యనని సెప్పీసేను. పైయేడు కూడా నేనే సేస్తాను. నువ్వు తిన్నావేటి?"

మాటలు అమ్మవి, పంపిన వేలు మావది. కింద రెండు బటన్లు. "తిన్నానమ్మా", "ఇంకా నేదు". క్లాసంతా చదివేసి గొల్లుమంది. నాకు కళ్ళు మసకబారి బటన్లు సరిగ్గా కనపడలేదు. తుడుచుకుని, నిజంగానే తినలేదు కాబట్టి, అమ్మతో అబద్ధం ఆడలేక "ఇంకా నేదు" నొక్కాను.

డబ్బా మళ్ళీ లేచింది.