మా వాడకట్టుకు దక్కిన గంగ దారి

మా ఊరి రాతికట్ట మాట ఎవరు ఎత్తినా, దాన్ని కట్టించిన ఓవర్సీరును నేను మెచ్చుకుంటాను. మెచ్చుకున్న వెంటనే, ఆయన తన డేరాలో నన్ను నిలబెట్టిన సంగతి కూడా చెబుతాను. రెండోది చెప్పవద్దని ఇంట్లో వాళ్లు అంటారు. మొదటిది ఎంత నిజమో రెండోది కూడా అంతే నిజం కాబట్టి, ఒకటి చెప్పి ఒకటి మింగడం నాకు చేతకాదు.

మాది మంథని వైపు గోదావరి ఒడ్డున చిన్న ఊరు. పుస్తకాల్లో గోదావరి అని రాస్తాం గానీ, ఊళ్లో అందరికీ అది గంగే. ఊరికి దిగువ కొసన మా వాడకట్టు. నేతవాళ్లకు నూలు రంగు వేసి ఇవ్వడం మా పని. రంగు కాగులో నుంచి తీసిన నూలు కట్టలను, అంటే చిలపలను, పారే నీళ్లలో జాడించాలి. గాబులో నిలిచిన నీళ్లతో సరిపెడితే, అంచులోని ఎరుపు మొదటి ఉతుకుకే తెల్ల నేతలోకి దిగిపోతుంది. ఆ తిట్లు నేతవాళ్లకు కాదు, మాకు వస్తాయి. స్నానాల రేవు ఎగువన, మేం చిలపలు జాడించే చోటు దిగువన. మా రంగు నీళ్లు స్నానం చేసేవాళ్ల మీదికి పోకూడదని పెద్దవాళ్లు ఎప్పుడో అలా ఏర్పాటు చేసుకున్నారు.

బాపు పోయిన తర్వాత కాగుల దగ్గర పెత్తనమంతా మా అవ్వదే. నన్ను కన్నదీ ఆమే, నాకు పని నేర్పిందీ ఆమే. ఆమె జాడించిందంటే చిలప నుంచి చివరికి తేట నీళ్లే కారాలి. నేను జాడించినవి ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. మోకాళ్లు పట్టేసినా, ఒడ్డున మట్టిలో తొక్కుడు పడిన బాటలో మెల్లగా తానే దిగేది.

ప్రతి వానకాలం గంగ మా ఒడ్డును కోసుకుపోయేది. నూలు ఆరేసుకునే జాగా ఒక ఏడు సగం జారిపోయింది. మరుసటి ఏడు మిగిలిన సగం, పాతిన వెదురు బొంగులతో సహా పోయింది. ఇక పోవలసింది ఇళ్లే. నిజాం సర్కారులో మొరపెట్టుకున్నాం, ఆ తర్వాతి సర్కారులో మొరపెట్టుకున్నాం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, రాతికట్ట మంజూరైందన్న మాట చివరికి వినబడింది. ఆ రోజు మా వాడకట్టులో బెల్లం పంచారు.

తాళ్లు కట్టి గీతలు వేసిన రోజున నా నోట్లో ఆ బెల్లం చేదైంది. ఆ గీతల్లో ఎగువ రేవుకు చక్కని మెట్లు పెట్టారు. మా వైపుకు వచ్చేసరికి నిలువుగా గోడ, అంతే. ఒడ్డు నిలుస్తుంది, ఇళ్లు నిలుస్తాయి, మేం మాత్రం గంగలోకి దిగలేం. చిలపలు మోసుకుని ఎగువ రేవుకు పోతే ఎవరూ దిగనివ్వరు. దిగనివ్వకపోవడమూ న్యాయమే. అంటే కాగులు బోర్లించుకోవలసిందే.

నేను డేరాకు వెళ్లాను. ఓవర్సీరుది సర్కారు జిల్లాల్లో సముద్రం ఒడ్డు ఊరట. ఆయన ముందు ఖాళీ బల్ల ఉంది. నన్ను కూర్చోమనలేదు. నా ముందే గుత్తేదారుకు చాయ తెప్పించాడు. నేను నిలబడ్డచోటి నుంచే మా సంగతి చెప్పాను. ఆయన కాగితాల మీది నుంచి తల ఎత్తకుండా, "నదిలో రంగు కలిపేవాళ్లకు మెట్లు కూడానా?" అన్నాడు. గుత్తేదారు నవ్వాడు. ఆ నవ్వులో చాయ తొణికి వాడి ధోతి మీద పడింది. ఆ ఒక్కటే ఆ రోజు నాకు దక్కిన న్యాయం.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ తర్వాత కూడా వెళ్లాను. పొద్దున కాగు కింద మంట పెట్టకముందే డేరా ముందు నిలబడేవాణ్ని. లోపలికి పిలవకపోతే బయటే నిలబడేవాణ్ని. నన్ను చూడగానే మేస్త్రి, "వచ్చిండు సారూ, మీ మెట్లాయన వచ్చిండు" అని కేకేసేవాడు. ఊళ్లో కూడా నాకు ఆ పేరే పడింది. మా వాడకట్టు వాళ్లే కొందరు, నా నోటి వల్ల వచ్చే కట్ట కూడా ఆగిపోతుందేమోనని భయపడ్డారు. కూర్చోమనకుండా నిలబెట్టిన కథ నేను కనబడిన ప్రతివాడికీ చెప్పాను. సిగ్గుపడవలసింది నిలబెట్టినవాడు గానీ నేను కాదని నా వాదన.

ఓవర్సీరు ఔననలేదు, కాదనలేదు. ఎగువ నుంచి గోడ కట్టుకుంటూ వచ్చి, మా కొసన కొంత మేర కట్టకుండా వదిలిపెట్టాడు. ఆ ఖాళీయే మా ఆశ.

గోడ వెనక పోసిన మట్టి జారకుండా కానుగ మొక్కలు నాటించాడు. మా కొసన నాటినవాటికి మీరే నీళ్లు పోయాలని మాకు అప్పజెప్పాడు. అవ్వ ఇల్లిల్లూ తిరిగి అందరికీ చెప్పింది. ఎండలు ముదిరాయి. గంగ ఇసుక మధ్యకు తగ్గిపోయింది. అక్కడి నుంచి బిందెలు మోసుకు రావడమంటే నడుములు పడిపోయేవి. మా ఇళ్లలో ఏ నీళ్లూ ఊరికే పారబోయం. కాగులు, గాబులు కడిగిన నీళ్లున్నాయి కదా అని, గంగ నీళ్లు చాలని రోజు వాటినే బుంగల్లో మోసుకొచ్చి మొక్కలకు పోశాం. మొక్కకు ఒక బుంగ బదులు రెండేసి పోశాం. అందులో సోడా ఉంటుంది, సున్నం ఉంటుంది. మాకు అది పుట్టినప్పటి నుంచి చూస్తున్న నీరే. మొక్కకు అది పనికిరాదన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆకులు ముడుచుకుని రాలాయి. మా కొసన నాటిన మొక్కలన్నీ ఎండిపోయాయి. ఓవర్సీరు వచ్చి వంగి చూశాడు. పాదుల్లో మట్టి ఎర్రగా ఉంది. వాడకట్టు అందరి ముందూ, వడ్డెర కూలీల ముందూ నన్ను పిలిచాడు.

"మెట్లు ఇవ్వలేదని నా మీద కోపం ఉండొచ్చు. మొక్కల మీద తీర్చుకుంటావా?"

నేను వంగి ఆ ఎర్ర మట్టిని గుప్పిట్లోకి తీసుకున్నాను. మర్నాడు పొద్దున బండ్ల మీద రాళ్లు వచ్చాయి. మా ఖాళీ దగ్గర దించారు. గోడ మూసేయబోతున్నారు.

అవ్వ చేతులు తుడుచుకుని బయలుదేరింది. రావద్దన్నా నేను వెంట వెళ్లాను. రాళ్ల దగ్గర నిలబడిన ఓవర్సీరుతో ఆమె గొంతు పెంచకుండానే మాట్లాడింది.

"సారూ, జర ఇనుండ్రి. చంపాలనుకుంటే నీళ్లు పొయ్యకుంటె అయిపోతుండె గదా. గీ ఎండల బుంగలు మోసి మరీ చంపుతమా?"

ఓవర్సీరు ఎండిన మొక్కల వైపు చూశాడు. తర్వాత ఇళ్ల ముందున్న బుంగల వైపు చూశాడు. మెల్లగా ఆయన ముఖంలో ఏదో సడలింది. మేస్త్రి కూర్చునే పీట తెప్పించి, "కూర్చో పెద్దమ్మా" అన్నాడు. ఆమెనే అన్నాడు. నన్ను అనలేదు.

ఆమె కూర్చుని, చిలపలు ఎట్లా జాడించాలో, పారే నీళ్లే ఎందుకు కావాలో, ఎగువ రేవుకు ఎందుకు పోలేమో చెప్పింది. అవన్నీ నేను ఆయనకు ఎన్నోసార్లు చెప్పినవే. ఆయన అప్పుడే మొదటిసారి విన్నట్టు విన్నాడు.

"మెట్లు మాత్రం ఇవ్వను పెద్దమ్మా. ధార వచ్చి కొట్టేది ఈ కొసనే. మా ఊళ్లో సముద్రం మొదట ఊడబెరికింది మెట్లనే. రాళ్లు వాలుగా పరిపిస్తాను. నీళ్లు వాటి మీద ఎక్కి దిగిపోతాయి."

నేను ఆగలేకపోయాను. "ఎగువోళ్లకు మెట్లు, మాకు బర్ల బాటనా సారూ?"

"నువ్వు ఊకో కొడుకా," అంది అవ్వ. "బర్రె దిగంగ లేంది నేను దిగనా?"

కూలీలు నవ్వారు. ఓవర్సీరూ నవ్వాడు. అదే రోజు పని మొదలైంది. గోడలో ఆ ఖాళీని అలాగే ఉంచి, పెద్ద రాళ్లు పక్కపక్కన బిగించి, నీటి దాకా వెడల్పైన వాలు దారి పరిచారు. ఒక పక్క సన్నటి రాతి గట్టు కూడా కట్టారు, చెయ్యి పట్టుకుని దిగడానికి. అది నేను అడగలేదు. అవ్వ కూడా అడగలేదు. పీట మీద నుంచి ఆమె లేచిన తీరు ఆయన చూసినట్టున్నాడు.

పని ముగిసిన రోజు ఓవర్సీరు నాకు కబురు పంపాడు. వెళ్లేసరికి దారి చివర, నీళ్లకు కొంచెం పైన, చదునైన పెద్ద బండను కూలీలు సరిచేస్తున్నారు. చిలపల బుట్ట పెట్టుకుని, పక్కన మనిషి కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టేంత ఎత్తు.

"కూర్చోమనలేదని ఊరంతా చెబుతున్నావటగా," అన్నాడు. "ఇదిగో, కూర్చో."

అందరూ నా వైపే చూస్తున్నారు. నేను కూర్చోలేదు. పని ఉందని చెప్పి వచ్చేశాను.

ఆ వానకాలం గంగ బాగా వచ్చింది. ఎగువ రేవులో కొన్ని మెట్లు కదిలాయి. మా దారి మీద నీళ్లు పైదాకా ఎక్కి, ఆయన చెప్పినట్టే దిగిపోయాయి. ఒక్క రాయి కదలలేదు. ఇళ్లలోకి నీరు రాలేదు. ఒడ్డు జారలేదు. మేం మళ్లీ నాటిన కానుగలకు గంగ నీళ్లే, వేరే బిందెలతో మోశాం. వాటి నీడలో ఇప్పుడు నూలు ఆరేయలేక మా వాళ్లు కొమ్మలు కొట్టాలంటారు. నేను కొట్టనివ్వను.

మెట్లయితే అవ్వ ఆ మోకాళ్లతో నాలుగు రోజులు కూడా దిగేది కాదు. వాలు దారిలో, గట్టు పట్టుకుని, బండి మీద చిలపలు ముందు పోతుంటే వెనక తాను, ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ దిగింది. దిగిన ప్రతిసారీ ఆ ఓవర్సీరు బిడ్డా పాపలతో చల్లగా ఉండాలని అనేది. ఆ వానకాలం వెళ్లాక, ఆయన బదిలీ మీద పోయేటప్పుడు ఎర్రంచు పంచె ఒకటి ఇవ్వాలని, ఆ నూలుకు రంగు నన్నే వేయమంది. చిలపలు జాడించడానికి పొద్దు పొడవకముందే గంగకు వెళ్లాను. వరద తెచ్చిన ఇసుక బండ మీద ఇంకా ఉంది. చేత్తో తుడిచాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

కూర్చున్నాను. తేట నీళ్లు కారేదాకా లేవలేదు. ఆ చిలపలను అవ్వ పిండి చూసి, మళ్లీ జాడించకుండా నేరుగా దండెం మీద వేసింది.