బంగారు తీగలకు నేను పెట్టిన విందు

అత్తారింట్లో పరువు పోగొట్టుకోవడానికి అల్లుళ్లకు దారులు చాలా ఉన్నాయి. కొందరు అలిగి పోగొట్టుకుంటారు, కొందరు అతిగా తిని పోగొట్టుకుంటారు. నేను ఇతరులకు తినిపించి పోగొట్టుకున్నాను. ఆ ఇతరులకు మొప్పలుండటం వల్ల కథ ఇంత దూరం వచ్చింది.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది నిండలేదు. ఉద్యోగం ప్రొద్దుటూరులో, అత్తగారిల్లు పులివెందులలో. మా మామ నారాయణప్ప బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక మిగిలిన జీవితాన్ని గాలానికి రాసిచ్చేశారు. ఆదివారం వస్తే ఆయనా, ఆయన స్నేహితుడు మస్తానూ జమ్మలమడుగులో కలుసుకుని మైలవరం డ్యాం వెనక పెన్న నీళ్ల దగ్గరికి పోయేవారు. మస్తాన్ కువైట్‌లో చాలా ఏళ్లుండి వచ్చి ప్రొద్దుటూరులో దర్జీ అంగడి పెట్టుకున్న మనిషి. ఆ జట్టులోకి మూడోవాణ్ణి రానివ్వరు. నా బావమరిదినే, గాలం వేసి ఫోన్ మాట్లాడాడని, మళ్లీ పిలవలేదు. అలాంటి జట్టులో నేను చేరి తీరాలని పట్టుబట్టాను. మామ పక్కన గట్టు మీద కూర్చున్న అల్లుడికి ఆ ఇంట్లో తిరుగుండదని నా లెక్క.

చేరడానికి తగిన దారి, నోరు మూసుకుని వెంట నడవడం. నేను ఉపన్యాసం ఎంచుకున్నాను.

"మామా, కొరమీను కాలం అయిపోయింది. రేపటి నుంచి గాలం పట్టుకునే ప్రతివాడూ వెతికేది బంగారు తీగనే," అన్నాను ఓ రోజు భోజనాల దగ్గర. ఫోన్‌లో వీడియోలు చూసి వారం రోజులుగా తయారైన పాండిత్యం అది. "ఎట్లాంటి నీళ్లలోనైనా బతుకుతుంది. పడిందంటే చెయ్యి విరిచేంత లాగుతుంది. విదేశాల్లో దీని కోసం గట్టు మీదే గుడారాలు వేసుకుంటారు."

మామ ముద్ద మింగి నిదానంగా అన్నారు. "బురద తినేదానికి గుడారమేందప్పా. ఒళ్లంతా ముళ్లు. కొరమీను ముందర అదొక చేపనా?"

"ఒక్క ఆదివారం నాకివ్వండి, పట్టి చూపిస్తాను."

మస్తాన్ ఆ రోజు అక్కడే ఉన్నాడు. "రానీలే అన్నా, అల్లుడు శానా ముచ్చటపడతాండాడు," అన్నాడు. మామ ఒప్పుకున్నారు గానీ, ఆ మొహం చూస్తే సెలవు రోజు డ్యూటీ వేసినట్టే ఉంది.

ఆ జట్టుకో నియమం ఉంది. సంగటి ఇంటి నుంచి రావాలి, పులుసు నీళ్ల నుంచి రావాలి. ఇంటి నుంచి కూర తీసుకుపోతే చెయ్యి సోమరిదవుతుందట. అందుకని మా అత్త తెల్లవారకముందే లేచి దబర నిండా రాగి సంగటి కెలికి, ముద్దలు చేసి, గుడ్డ కట్టి పంపేది. గట్టు మీద మూడు రాళ్లు, చింతపండు, కారం, చట్టి సిద్ధంగా ఉండేవి. ఇక చేప రావడమే తరువాయి.

"దబర జాగర్త అల్లుడా. మేము ఆ పక్క తుంగలో కొరమీనుకు కప్ప వేసి చూస్తాం," అని ఆ ఆదివారం గట్టు చేరగానే చెప్పి మామా, మస్తానూ మలుపు తిరిగి పోయారు.

పాఠకులారా, ఆ దబరను నాకప్పగించింది ఆయనే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి, ఆయన మాత్రం గుర్తుపెట్టుకోలేదు.

గాలం వేసే ముందు నీళ్లలో మేత చల్లాలని వీడియోలో చెప్పారు. మేత ఏదీ తేలేదు. దబర వైపు చూశాను. ఒక్క ముద్దే కదా అని విరిచి చల్లాను. కాసేపటికి నీటి మీద బుడగలు లేచాయి. బంగారు తీగలు అడుగున చేరితే బుడగలొస్తాయని నాకు తెలుసు. ఒళ్లు పులకరించింది. ఇంకో ముద్ద వేశాను. అన్నం నీళ్లు మరిగినట్టు బుడగలు. గాలం వేస్తే బెండు కదల్లేదు. పాపం, ఇంకా మొహమాటపడుతున్నాయనుకుని మరో ముద్ద వేశాను. పెళ్లి పందిట్లో వడ్డించేవాడి ఉత్సాహం వచ్చేసింది నాకు. ఏ చేప కడుపు నిండా సంగటి తిన్నాక నా కొక్కెం దగ్గరికి వస్తుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. దబర అడుగున చెయ్యి గీరుకున్నప్పుడే తెలివి వచ్చింది, గబగబా గుడ్డ మళ్లీ కట్టేశాను.

అదే సమయానికి మామ తిరిగొచ్చారు. చేతిలో మోచేతంత కొరమీను. మొహం వెలిగిపోతోంది.

"నీదెంతవరకు వచ్చె?"

"శానా వచ్చినాయి మామా," అన్నాను. కంగారులో నాకూ ఆయన యాస పట్టేసింది.

"యాడ?"

"నీళ్లలో ఉండాయి."

మస్తాన్ రాళ్ల మీద చట్టి పెట్టి పులుసు కాచాడు. మామ కాళ్లు కడుక్కొని వచ్చి కూర్చుని గుడ్డ విప్పారు. దబరలోకి చూశారు. నా వైపు చూశారు. మళ్లీ దబరలోకి చూశారు.

"సంగటి ఏదప్పా?"

నేను నీళ్ల వైపు చెయ్యి చూపించాను. సరిగ్గా అప్పుడే రెండు బుడగలు పైకి వచ్చి పగిలాయి.

మామ తిట్టి ఉంటే బాగుండేది. ఉత్త పులుసు ఆకుదొప్పలో పోసుకుని తాగారు. మస్తాన్ తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. ఆ దగ్గు జమ్మలమడుగు దాకా తగ్గలేదు. అక్కడ టీ అంగడి దగ్గర ఉండగా అత్త ఫోన్ చేసింది. "సంగటి అందరికీ సరిపోయెనా?"

మస్తాన్ ఫోన్ అందుకుని, "సరిపోలేదు వదినా, ఇంకా అడుగుతాండాయి," అన్నాడు.

ఆ వారమంతా నాకు తిండి సహించలేదు. జట్టు పోయింది, మామ దగ్గర మాట పోయింది. సుజాత, అంటే నా భార్య, కంచంలో అన్నం పెడుతూ, "నువ్వే తింటావా, ఎవరికన్నా చల్లాల్నా?" అని అడిగేది.

ఈలోగా మైలవరంలో వేరే సంగతి జరిగింది. సంగటికి అలవాటు పడిన బంగారు తీగలు ఆ చోటు వదల్లేదట. ఎవరు గాలం వేసినా పడుతున్నాయట. చాపాడు నుంచీ తొండూరు నుంచీ జనం వచ్చి, కొరమీను సంగతి పక్కన పెట్టి వాటి కోసమే కూర్చుంటున్నారట. ఆ చోటికి పేరు కూడా పెట్టేశారు, అల్లుడి సత్రం అని. పేరు పెట్టింది ఎవరో చెప్పక్కర్లేదు, దర్జీ అంగడికి రోజూ నలుగురైనా వస్తారు.

ఆదివారం ఇంకా చీకటి విడవకముందే ఫోన్ మోగింది. మామ.

"అల్లుడా, వస్తాండావా?"

"నేనా మామా?"

"నువ్వే. నీ బంగారు తీగ సంగతేందో నేనూ చూస్తా. మీ అత్త రెండు దబరల సంగటి చేసింది. ఒకటి మనకు, ఒకటి నీ చుట్టాలకు."

ఎగిరి గంతేశాను. ఆ రోజు మామకు బంగారు తీగ పడింది, మస్తాన్‌కూ పడింది. ఇప్పటికీ ఆదివారాలు పోతూనే ఉన్నాను, అందరికీ పడుతూనే ఉంది. నాకు మాత్రం ఒక్కటంటే ఒక్కటి పడలేదు. అన్నం పెట్టినవాణ్ణి ఇంత బాగా గుర్తుపట్టి తప్పించుకునే జాతి ఇంకోటి ఉండదు.

అందుకే పెన్న నీళ్లు దోసిట్లోకి తీసుకుని ఒట్టేశాను. ఈ చేతులతో ఇక ఏ చేపకూ సంగటి పెట్టను, ముందు మామకు పెట్టనిదే.