తెల్లరంగులో సీసం

తొంభైల్లో నేను కెమిస్ట్రీలో పరిశోధన చేస్తూ కృష్ణానగర్‌లో అద్దెకుండేదాన్ని. పక్కగదిలో ఉండే సినిమా డాన్సర్ రమణికి ఎప్పుడూ కడుపునొప్పే. ఆమె ముఖానికి పూసే తెల్లరంగులో సీసం ఉందేమోనని అనుమానం వచ్చింది. పెన్సిల్ ములుకుతో సీసాన్ని పసిగట్టేలా నేనే చేసిన చవక సెన్సర్ పట్టుకుని ఫిల్మ్‌నగర్‌లో ఆమె షూటింగ్‌కి వెళ్లాను.

"ఏండ్ల సంది గిదే పూస్తున్న. ఎవ్వరికేం కాలే!" అన్నాడు మేకప్‌మ్యాన్ యాదయ్య.

రంగు కరిగించిన ద్రావణంలో సెన్సర్ ముంచాను. దానికి తగిలించిన మీటరు ముల్లు కదల్లేదు. అందరూ నవ్వారు. సిగ్గుపడుతూనే మీటరు వెనక్కి తిప్పాను. చూస్తే వైరు ఊడి ఉంది. బిగించగానే ముల్లు సర్రున లేచింది.

"సీసం ఉందండీ. ఒంట్లోకి పోతే విషమే" అన్నాను.

యాదయ్య రంగంటి తెల్లబడిన తన వేళ్లవంక చూసుకుని, చేతులు నా ముందు చాచాడు. "రోజూ ఈ చేతుల్తోనే పూస్తనమ్మా. నాకు గూడ పరీక్ష చేయిస్తవా?"

మర్నాడే రమణినీ, యాదయ్యనీ ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఇద్దరి రక్తంలోనూ సీసం తేలింది; ఆ రంగు మానేసి, మందులు వాడి కోలుకున్నారు. నవ్విన మనిషే నన్ను నమ్మి చేతులు చాచిన ఆ క్షణం ఏ డిగ్రీ కన్నా గొప్పదనిపిస్తుంది.