ఎవరి అరుగు మీద అడిగారు?

మాస్టారు పోయారు. గుడివాడ కోర్టు వరండాలో ఉండగా మా గుమాస్తా వచ్చి చెవిలో చెప్పాడు. చేతిలోని కాగితాలు వాడికే ఇచ్చేసి బందరు రైలెక్కాను. దారి పొడుగునా ఆయన అడిగిన ఒక్క ప్రశ్నే నన్ను పట్టుకు వదల్లేదు.

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. బందరు కాలేజీలో మాకు చరిత్ర చెప్పేవారు. ఆయన మోజు మాత్రం వేరు. నేరాలు ఎందుకు జరుగుతాయి, శిక్షలు ఎవరికి పడతాయి అనేది ఊళ్ళు తిరిగి, మనుషుల్ని అడిగి తెలుసుకోవాలనేవారు. ఆ అడగడాన్నే మాకు పాఠంలా నేర్పారు. మెత్తటి మనిషేం కాదు. ఎవరైనా నోరుజారి "అది అందరికీ తెలిసిందే కదండీ" అన్నారో, అయిపోయారే! "అందరూ అంటే ఎవరోయ్? పేర్లు చెప్పు" అని నిలబెట్టేసేవారు. పొడుం డబ్బా మూత తీసి, పీల్చకుండా అలాగే పట్టుకుని జవాబు కోసం చూసేవారు.

ఓసారి దివిసీమలో ఒక ఊరికి మమ్మల్ని ముగ్గుర్ని పంపారు. అక్కడ కామందు కళ్లంలో ధాన్యం పోయింది. ఊరి బయట గుడిసె వేసుకుని బుట్టలల్లుకునే ఒకతన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. మేం వెళ్ళి, ఊళ్ళోవాళ్ళని పిలిపించి అడిగాం. ఊరంతా ఒక్కటే మాట, బుట్టలవాడే దొంగ అని. రొమ్ము విరుచుకుని తిరిగొచ్చాం.

"ఎవరి అరుగు మీద కూర్చుని అడిగారు?" అన్నారు మాస్టారు.

"కామందు గారి అరుగు మీదండీ. మజ్జిగ కూడా ఇప్పించారు."

"ఆయనెక్కడున్నారు?"

"పక్కనే, పడక్కుర్చీలోనండీ."

"అయితే మీరు ఊరిని అడగలేదర్రా. ఒక్క మనిషిని అడిగొచ్చారు."

పోలీసు ఠాణాలో చూస్తే పాత దొంగతనాలన్నీ ఆ బుట్టలవాడి మీదే ఉన్నాయండీ అని నేను గొణిగాను. "అవి దొంగతనాల లెక్కలు కావోయ్. పోలీసులు ఎవరి గుమ్మం తొక్కారో ఆ లెక్కలు" అన్నారు. ఒళ్ళు మండింది నాకు. ఇప్పటికీ ప్రతి కేసులో ఆ మాటే తలుచుకుంటాను.

ఈసారి ఆయనే మాతో ఆ ఊరికి వచ్చారు. కామందు పిలిచినా అరుగెక్కలేదు. కాలవ గట్టు మీద, చేలల్లో, ఎక్కడి మనిషి దగ్గర అక్కడే చతికిలబడి, ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగారు. దొంగెవరని ఒక్కసారీ అడగలేదు. "ఆ పొద్దున నువ్వు ఏం చూశావు?" అంతే. కామందు భూమి కౌలుకు చేసే రైతు చాలాసేపు గడ్డి పీకుతూ కూర్చుని, చివరికి చెప్పాడు. ఆ వైపు ఒక ఆనవాయితీ ఉంది. పంపకం అయ్యేదాకా ధాన్యపు రాశి మీద తడి బూడిదతో చెక్క ముద్రలు వేస్తారు. ఎవరు చెయ్యి పెట్టినా ముద్ర చెదిరిపోతుంది. ఆ చెక్క కామందు ఇంట్లోనే ఉంటుంది. ఆ పొద్దున రాశి తగ్గిందిగానీ ముద్రలు చెక్కుచెదరలేదు. అంటే ధాన్యం తీసి, ఆ చెక్కతోనే మళ్ళీ ముద్రలు వేశారన్నమాట.

ఈ మాట కోర్టులో చెబితే బుట్టలవాడు ఇంటికెళ్తాడు. చెప్పకపోతే జైలుకే. చెబితే ఈ రైతు కౌలు ఊడుతుంది.

బందరులో విచారణ రోజు పోలీసుల తరఫు మొదటి సాక్షి ఆ రైతే. బోనులో బుట్టలవాడు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "ముద్రలు చెదిరాయా?" అని అతని తరఫు ప్లీడరు అడిగాడు. రైతు నోరు తెరిచాడు. ఎదురు బెంచీ మీద కామందు కండువా సర్దుకున్నాడు. రైతు నోరు మూసేశాడు. మేజిస్ట్రేటు విసుగ్గా కలం బల్ల మీద కొట్టారు. ఇంక అయిపోయిందిరా భగవంతుడా అనుకున్నాను.

మాస్టారు ముందుకు వంగి ప్లీడరుతో మెల్లగా అన్నారు. "ఆ బెంచీ మీదున్నాయన తర్వాతి సాక్షే కదండీ? లోపల కూర్చోవచ్చా?"

ప్లీడరు ఉలిక్కిపడి లేచి అభ్యంతరం చెప్పాడు. కామందుని బయటికి పంపారు. తలుపు మూసిన చప్పుడు వినిపించాక రైతు ఊపిరి పీల్చుకున్నాడు.

"చెదరలేదండి బాబూ. రాశి మటుకు తగ్గిందండి."

బుట్టలవాడిని వదిలేశారు. గెలిచామండీ అని నేను ఎగిరితే మాస్టారు కసురుకున్నారు. "దొంగెవరో తేలిందా? పాపం ఆ రైతు ఏమవుతాడో ఆలోచించావా?" అనుకున్నట్టే అతని కౌలు పోయింది. పెడన దగ్గర అతనికి వేరే భూమి కుదిరేదాకా మాస్టారు తిరుగుతూనే ఉన్నారు.

బందరులో రైలు దిగి నేను వెళ్ళేసరికి మాస్టారి అరుగు నిండా పెద్దమనుషులే. నన్నూ జరిగి కూర్చోబెట్టుకున్నారు. ఎదురుగా వీధిలో, తల నెరిసిన ఒకతను ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ముందు పోల్చుకోలేదు. ఆనాడు బోనులో కమ్మీ పట్టుకున్నట్టే మోకాళ్ళు పట్టుకుని ఉన్న ఆ చేతులు చూసి గుర్తుపట్టాను. దిగి వెళ్ళి పక్కన మట్టిలో కూర్చున్నాను. మాస్టారి గురించి నీకేం గుర్తుందయ్యా అని అడిగాను.

"ఠాణాలో, జైల్లో, అందరూ ధాన్యం ఎక్కడ దాచావనే అడిగారండి. నీ సంగతేంటో చెప్పమని అడిగింది ఈయనొక్కరేనండి."

దుఃఖం ఆగలేదు నాకు. అరుగు మీద నుంచి ఎవరో "ప్లీడరు గారూ, అక్కడేమిటండీ, పైకి రండి" అన్నారు. వినపడనట్టే కూర్చున్నాను. అతను ఇంకా చెబుతున్నాడు.