ఈదయ్య ఇంటికి తెచ్చుకున్న గొంతు

నడిగూడెం ఈదయ్య పోయి నెల దాటింది. ఇప్పుడు చెప్పినా ఆయన చెవిన పడదు కాబట్టి చెబుతున్నాను. కడుపులో మాట దాచుకోవడం నా వల్ల కాదని మా ఊరంతా ఎరుగుదురు. అలాంటి నేను ఈ ఒక్క ముచ్చటను నాలుగేళ్ళు మోశాను. నా ఆటో ఎక్కిన ఒక్క మనిషికీ చెప్పలేదు. అది మామూలు సంగతి కాదు, నన్నెరిగిన వాళ్ళను అడగండి.

ఈదయ్య గొర్రెలు కాసేవాడు, నాటకంలో దుష్టమంత్రి వేషం కట్టేవాడు. ముప్పై ఏళ్ళు ఒకటే నాటకం, ఒకటే వేషం. యుద్ధంలో రాజుకు గాయమవుతుంది. ఆ గాయానికి మంత్రి విషం కలిపిన మందు పూయిస్తాడు. ప్రభువుకు ఎలా ఉందని రాణి అడిగితే, నడుం వంచి, గొంతు తగ్గించి, "చిన్న గీత మహారాణీ! మూడు దినాల్లో లేచి నడుస్తారు" అంటాడు. రాణి నమ్మి వెళ్ళిపోతుంది. తెల్లారేసరికి రాజు ఉండడు. నిజం తెలిశాక రాణీ ఉండదు.

ఈ మాట ఈదయ్య చెబితే జనం తట్టుకోలేకపోయేవారు. సూర్యాపేటలో ఒక ముసలమ్మ చెప్పు విసిరింది. ఈదయ్య దాన్ని గాల్లోనే పట్టుకుని, పద్యం పూర్తి చేసి, స్టేజీ దిగి ఆమె కాలికి తొడిగి వచ్చాడు. మీరు నమ్మకపోతే నేనేం చేయను, నేను చూశాను. కోదాడ సంతలో ఆయన గొర్రెను అమ్మబోతే, బేరానికి వచ్చినవాళ్ళు దానికి కాళ్ళు నాలుగేనా అని లెక్కపెట్టేవారు.

ఇంతటివాడికి ఇంట్లో ఒక్క అబద్ధం ఆడటం చేతకాదు. కల్లు తాగిన రోజు గుమ్మం బయటే నిలబడి, "రెండు సీసాలు, బక్కమ్మా" అని తానే ఒప్పుకునేవాడు. బక్కమ్మ ఆయన భార్య, నాకు వరసకు వదిన. ఆ నాటకం మాత్రం ఎన్నడూ చూడలేదు. "నా మొగుణ్ని మంది తిడుతుంటే పల్లీలు తినుకుంట సూడాల్నా?" అనేది.

నాలుగేళ్ళ కింద ఆమెకు కడుపునొప్పి పట్టుకుంది. నా ఆటోలోనే కోదాడ తీసుకెళ్ళాం. స్కాను చూసిన డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి మా ఇద్దరినీ లోపలికి పిలిచాడు.

"క్యాన్సరండి, కాలేయమంతా పాకింది. ఆపరేషన్‌కి లొంగదు. మూడు నెలలు. ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైంది పెట్టండి."

ఈదయ్య గోడ పట్టుకున్నాడు. "తమ్మీ, దానికి తెల్వద్దు. మా అత్త గిదే రోగంతోని పోయింది. తెల్సిన్నాటి సంది మంచంల పండుకొని సావుకు ఎదురుసూసింది. దీన్ని గట్ల భయపడుకుంట పోనియ్య."

"నీకు అబద్ధం రాదు గదన్నా."

"ముప్పై ఏండ్ల సంది గదే పని గదరా."

బయటికి వచ్చాడు. బెంచీ మీదున్న బక్కమ్మ ముందు నడుం వంచాడు. గొంతు తగ్గించాడు. "ఏం లేదే. చిన్న గ్యాస్ ట్రబులు. మూడు నెలలు గోలీలు మింగితే లేసి ఉరుకుతవ్."

అబద్ధం చేతకాని మనిషి, తనకొచ్చిన ఒకే ఒక్క అబద్ధపు గొంతును తెచ్చి భార్య ముందు పెట్టాడు.

"గంతేనా" అంది ఆమె. ఆటోలో దారంతా ఆయన ముఖమే చూస్తూ కూర్చుంది.

రెండు వారాలకు, "మిర్యాలగూడల నాటకం పోటీలంట గద, నేనొస్త" అంది. ఈదయ్య మురిసిపోయాడు.

"ముప్పై ఏండ్లకు బుద్ధి పుట్టిందా?"

"గ్యాస్ తగ్గింది గద. ఇగ తిట్లు గూడ అరుగుతయ్."

మధ్యాహ్నం, ఒక ఫంక్షన్ హాల్లో పోటీ. ముందు వరసలో ఆమె పక్కనే కూర్చున్నాను. రాణి అడిగింది. మంత్రి వంగాడు. "చిన్న గీత మహారాణీ!" వెనక నుంచి తిట్లు మొదలయ్యాయి. "నమ్మకవ్వా, రాణమ్మా!" అని ఎవరో అరిచారు. బక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సంతోష్" అంది మెల్లగా నాతో, "దవాఖానల నాతోని గీ గొంతుతోనే మాట్లాడిండు."

"ఎవరికైనా ఒకటే గొంతు ఉంటది గద వదినా."

"ముప్పై ఏండ్లల ఎన్నడన్న నాతోని గింత మెత్తగ మాట్లాడిండా? గప్పుడే అనుమానమొచ్చింది. అబద్ధమాడితే ఆయన ఎట్లుంటడో నేనెన్నడు సూడకపోతి. సూద్దామనే వచ్చిన." నా వైపు తిరిగింది. "ఎన్ని దినాలన్నడు డాక్టరు?"

నాలుక చివర వంద కథలుండే నేను ఒక్కటీ అల్లకుండా మూడు వేళ్ళు చూపించాను.

"నెలలా?"

తల ఊపాను. స్టేజీ మీద రాణి ఏడుస్తోంది. హాలంతా ముక్కులు చీదుతోంది. బక్కమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"మీ అన్నకు చెప్పకు. నాకోసం గింత వేషం కట్టిండు. నడుమల తెర దించితే తట్టుకోడు."

ఆ రోజు ఈదయ్యకు షీల్డు ఇచ్చారు. దాన్ని బక్కమ్మే ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా వచ్చింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరు నటులు. ఆయన గోలీ చేతిలో పెడితే ఆమె మింగి, "మంచిగ పనిచేస్తున్నయ్" అనేది. ఆయన చూస్తుండగా రెండు ముద్దలు ఎక్కువ తిని, గొర్రెల దొడ్డి వెనక్కి పోయి కక్కేది. నీరసమని సాకు చెప్పి ఆయనకు జొన్నరొట్టె చేయడం నేర్పింది. రొట్టె విరిగితే, "రాజ్యాలు కూలగొట్టినవ్, రొట్టె తిప్పరాదా?" అని నవ్వేది. "సూసినవా తమ్మీ, నవ్వుతున్నది" అని ఈదయ్య నాకు చాటుగా చెప్పి పొంగిపోయేవాడు.

ఒకసారి ఆయన లేనప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "భయమైతుంది సంతోష్" అంది. వాకిట్లో చెప్పుల చప్పుడు వినగానే వదిలేసింది.

మూడో నెల నిండలేదు. పొద్దున "రేపు గొర్రెల ఎంబడి నేనొస్త" అన్న మనిషి మధ్యాహ్నానికి లేదు.

ఈదయ్య ఏడవలేదు. పది దినాలూ రాయిలాగే తిరిగాడు. పదో దినం చుట్టాలు వెళ్ళిపోయాక నన్ను దొడ్డి కాడికి పిలిచాడు.

"తమ్మీ, నిజం చెప్పు. నువ్వు దగ్గరుండి సూసినవ్. దానికి తెల్సినట్టు ఎప్పుడన్న అనిపించిందా?"

ఆయన కళ్ళలోకే చూశాను. "ఎక్కడిదన్నా! ఆఖరి దాక గ్యాస్ అనే అనుకున్నది."

"భయపడలే?"

"భయపడలే."

"అయితే మంచిగనే జేసిన" అన్నాడు ఈదయ్య. మెల్లగా కింద కూర్చుని, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని, అప్పుడు ఏడ్చాడు.