సోమవారం కాఫీ

మా రూమ్‌లో దేవయ్యంత మొండివాడు లేడు. వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాడట, సోమవారం వచ్చిందంటే ఒక్కపొద్దే. పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ఒమాన్ సరిహద్దున ఉన్న బురైమి ఎండలో తాపీ పని చేస్తూ ఇదేం పంతమయ్యా అని మేమెంత తిట్టినా నవ్వి ఊరుకునేవాడు.

తొంభై మూడులో, నాలుగేళ్లకు, అతనికి లీవు దొరికింది. తాను ఇక్కడికొచ్చాక పుట్టిన కూతురు నవీనను ఇంకా కళ్లజూడలేదు. మంగళవారం తెల్లవారి మస్కట్‌లో ఫ్లైటు. సోమవారం పొద్దున కంపెనీ పికప్‌లో బయలుదేరాం. సాగనంపడానికి నేనూ ఎక్కాను. మస్కట్ దారిలోని సరిహద్దు తనిఖీ గేటు దగ్గర బండి ఆగిపోయింది. కాగితాల మీద ముద్ర కోసం ఎండలో రోజుల తరబడి పడిగాపులు పడలేక లారీ డ్రైవర్లు రోడ్డుకు అడ్డంగా బండ్లు పెట్టేశారు.

అప్పటికది రెండో రోజు. బురైమి వాళ్లను మెచ్చుకోవాలి. తమ సరుకంతా అవతల ఆగిపోయినా డ్రైవర్లను ఒక్క మాట అనలేదు. ఇళ్ల నుంచి ఖర్జూరాలు, బేకరీల నుంచి రొట్టెలు, ట్యాంకర్లతో నీళ్లు పంపారు. ఊరిపెద్ద సయీద్ స్వయంగా వచ్చి చాప మీద కూర్చుని అందరికీ కాఫీ పోయిస్తున్నాడు.

దేవయ్యకూ ఒక చిన్న కప్పు అందింది. కాదనడం మర్యాద కాదని తీసుకుని, తాగకుండా ముందు పెట్టుకున్నాడు. అందరి మాటలూ ఆగిపోయాయి. పెద్దాయన ఇతని వైపే చూస్తున్నాడు.

ముందు వరస లారీ నడిపే కడప ఫక్రుద్దీన్ చెవిలో అన్నాడు: "ఏం పని చేసినావు దేవయ్యా! ఈళ్లల్లో కాఫీ తాగకుండా కింద పెట్టినారంటే ఏందో అడగను వచ్చినట్టు. ఆయన 'తాగు' అన్నాడంటే ఇచ్చినట్టే. ఇంగ మాట తప్పడు. అడుగు."

అని లారీల వైపు ఒకసారి చూశాడు. రెండు రోజులుగా అరిచారు గానీ ఇలా అడగాలని వాళ్లలో ఎవరికీ తోచలేదు.

దేవయ్య పెద్దాయన వైపు తిరిగాడు. "ఫ్లైటున్నది... నా బిడ్డను సూడాలె" అన్నాడు.

ఫక్రుద్దీన్ ఆ మాటే అరబ్బీలో చెప్పాడు.

"తాగు" అన్నాడు పెద్దాయన.

ఆ మొండివాడు సోమవారం పూట గుటుక్కున తాగేశాడు. ఫక్రుద్దీన్ తన లారీ వెనక్కి తీసి మాకు దారి ఇచ్చాడు. ఆ రాత్రికి మస్కట్ చేరాం. అతన్ని ఏమని తప్పుపట్టను? పక్కనే ఉన్న నేను మాత్రం ఆ డ్రైవర్ల కోసం నోరు విప్పానా?

నాలుగో రోజుకు డ్రైవర్లే అలసిపోయి బండ్లు తీశారు. ఏమీ మారలేదు.

రెండు నెలలకు దేవయ్య తిరిగొచ్చాడు. బిడ్డ మొదట తనను చూసి ఏడ్చిందనీ, తర్వాత మెడ వదల్లేదనీ చెప్పి, వెంటనే "ఫక్రుద్దీన్ కనవడ్డడా?" అని అడిగాడు. ఇంకా ఆ గేటు దగ్గరే ఎండలో కూర్చుంటున్నాడని చెబుతుంటే నాకు దుఃఖం ఆగలేదు.

ఆ చలికాలం సయీద్ ఇంటి ప్రహరీ పని మాకే వచ్చింది. రోజూ పది గంటలకు కాఫీ. దేవయ్య ఒక్కపొద్దు సంగతి తెలుసుకుని, సోమవారాలు అతనికి కప్పు పంపొద్దని పెద్దాయనే చెప్పాడు. ఒక బుధవారం దేవయ్య చేతులు కడుక్కుని వచ్చి, కప్పు అందుకుని, నేల మీద పెట్టాడు.

"ఇవాళ సోమవారం కాదే" అన్నాడు పెద్దాయన.

"కాదు బాబా" అని దేవయ్య తనకొచ్చిన కాస్త అరబ్బీలో అందుకున్నాడు. "గేటు కాడ లారీలోళ్లు ఇంక ఎండల్నే కూసుంటున్నరు. ఆళ్లకింత నీడ గావాలె, ముద్రలకు ఇంకో కిటికీ గావాలె. గీ మాట నేనప్పుడే అడగాల్సింది."

పెద్దాయన కప్పు వైపు చూశాడు.

"తాగు" అన్నాడు.