గండి చూసి నడిచిపోయినవాడు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, గుంటూరు మూల్యాంకన కేంద్రంలో నన్ను ఇంటర్మీడియట్ తెలుగుకు చీఫ్ ఎగ్జామినరుగా వేశారు. అసిస్టెంటు ఎగ్జామినర్లు పేపర్లు దిద్దుతారు. వాటిలో కొన్నింటిని చీఫ్ మళ్లీ చూసి, అవసరమైతే మార్కులు సవరిస్తాడు. పేపరు మీద కోడ్ తప్ప విద్యార్థి పేరుండదు. ఏ జవాబుకు ఏయే అంశాలుంటే మార్కులు వేయాలో చెప్పే పత్రాన్ని ‘కీ’ అంటాం. దాన్ని మొదటిరోజే ఇస్తారు.

అప్పటి ఉపవాచకం ఒక పాత నవల. వానకు కాలువ గట్టు తెగి, దిగువ పొలాల మీదుగా వస్తున్న కథానాయకుడి కొడుకు కొట్టుకుపోతాడు. ‘అంతా రాసిపెట్టి ఉంది, నా చేతుల్లో ఏముంది’ అంటూ నాయకుడు కుంగిపోతాడు. అతని పతనానికి విధే కారణమని నిరూపించమన్నది ప్రశ్న.

మా బృందంలోని రజియా మేడం ఒక పేపరు తెచ్చి నా ముందు పెట్టారు. అందులో ఇలా ఉంది: “వాన విధి. కానీ ముందురోజు గట్టుకు పడిన చిన్న గండిని ఆయన చూశాడు. దిగువన ఉన్నది పగవాడి పొలమని నడిచిపోయాడు. ఆ నడక విధి కాదు. మిర్చికి పురుగు పట్టడం మన చేతిలో లేదు. పట్టిందని పక్క చేనువాడికి చెప్పడం మన చేతిలోనే ఉంది.”

కీ ప్రకారం దీనికి సున్నా. సున్నా పడితే ఆ పేపరే తప్పుతుందని మేడం చెప్పారు.

పక్క బల్ల నుంచి మరో ఎగ్జామినరు మార్టూరు సుబ్బారావు అందుకున్నాడు. “నిరూపించమంటే కాదంటాడేందండీ? పరీక్ష రాశాడా, తగువు పెట్టుకున్నాడా?”

నవల తెప్పించి చూశాను. గండి సంగతి ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పిన మేమెవరమూ అక్కడ ఆగలేదు. పదిహేడేళ్ల పిల్లో పిల్లాడో ఆగారు. జవాబు మంచిదేనని ఒప్పుకుని, “కానీ కీ ముందే రాసిపెట్టి ఉంది మేడం. నా చేతుల్లో ఏముంది?” అన్నాను.

ఆవిడ గొంతు పెంచలేదు. “నవల్లో ఆయన అన్నదీ ఇదే గదండీ.”

“దొరికిపోయారు మాస్టారూ!” అని సుబ్బారావు పగలబడి నవ్వాడు.

సూచనల పుస్తకం తీశాను. కీ మార్చే అధికారం చీఫ్‌కు లేదు. సవరణ ప్రతిపాదించే అధికారం ఉంది. కారణాలు రాసి సబ్జెక్టు నిపుణుడికి పంపాను. అభ్యంతరం వస్తే సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలని, దిద్దేసిన కట్టలు కూడా విప్పి ఆ ప్రశ్న మళ్లీ చూడాలని ఆయన హెచ్చరించారు. ఒప్పుకుని సంతకం చేశాను. పాఠ్యం నుంచి ఆధారం చూపిన వ్యతిరేక వాదనకూ మార్కులు వేయవచ్చని సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది.

కట్టలు విప్పుతుంటే సుబ్బారావు గడియారం చూసుకున్నాడు. “నా బస్సు పోవడం విధా, మేడమా?” అన్నాడు. అన్నాడే గానీ, చివరి కట్ట దాకా కుర్చీలోంచి లేవలేదు.

రజియా మేడం ఆ జవాబుకు పూర్తి మార్కులు వేశారు. పేపరు గట్టెక్కింది. రాసిందెవరో ఈనాటికీ తెలియదు.

మనం చేయగలిగినదాన్ని నిబంధనలు తగ్గిస్తాయి, మొత్తంగా తీసివేయవు. ‘నా చేతుల్లో లేదు’ అనే ముందు ఎంత ఉందో చదివి చూసుకోవాలి. ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన రెండేళ్లూ చదివాకే ఆ మాట అన్నాను. అనవలసి వచ్చిన సందర్భాలు తక్కువ.